మౌనమందిరానికి వంటమనిషి

జనవరి 9

ఒరే గుండూ,

నువ్వు బియ్యం డబ్బాలో పెట్టి వెళ్ళిన చీటీ నాకు మూడో రోజున దొరికింది. స్నేహితుడి పెళ్ళికని చెప్పి వెళ్ళావు కదా, ఒక్కదాని కోసం వంటేమిటిలే అని రెండు రోజులూ రొట్టెతో సరిపెట్టుకున్నాను. మూడో రోజు బియ్యం కొలుద్దామని చెయ్యి పెడితే నీ సన్యాసం చేతికి తగిలింది. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఎదురుగా కూర్చుని "అత్తయ్యా, నేను మౌనమందిరంలో చేరుతున్నాను" అని చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు ఆ నోరు పూర్తిగా మూసుకోవడానికి వెళ్ళావు. బాగుంది.

ఫ్యాక్టరీలో అందరూ నీ గురించే అడుగుతున్నారు. తోలు కత్తిరించే బల్ల దగ్గర నీ బదులు ఎవరినో పెట్టారు. మొదటిరోజే అతను కోసిన జతలో రెండు బూట్లూ ఎడమకాలివేనట. క్యాంటీన్లో గిన్నెలు కడిగే ఆవిడ నన్ను ఓదారుద్దామని వచ్చి, తనే ఏడ్చి, నా చేతిరుమాలు పట్టుకుని వెళ్ళిపోయింది. మేనేజరు, ప్రేమ విఫలమై ఉంటుంది అన్నాడు. ప్రేమ విఫలమైతే మావాడు నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు గానీ దేవుడి దగ్గరికి పరిగెత్తడని చెప్పాను.

దేవుడి సంగతిలో నా పద్ధతి నీకు తెలుసు. ఆయన జోలికి నేను పోను, నా జోలికి ఆయన రాడు. ఇన్నేళ్ళూ ఇద్దరం మర్యాదగానే ఉన్నాం. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఒక్కణ్ణీ చెప్పాపెట్టకుండా తీసుకుపోయి ఆయనే మాట తప్పాడు.

అక్కడ ఫోను ఉండదనీ, పదిహేను రోజులకు ఒక ఉత్తరం రాయొచ్చనీ, ఆరో నెలలో దీక్ష ఇస్తారనీ రాశావు. తిండి గురించి ఒక్క ముక్క లేదు. ఏం పెడుతున్నారు? ఎన్ని పూటలు? ఎవరు వండుతున్నారు? ముందు ఈ మూడింటికీ జవాబు రాయి. ఆత్మ సంగతి తర్వాత చూద్దాం.

నీ అత్తయ్య


జనవరి 25

అత్తయ్యా,

నీ మూడు ప్రశ్నలకూ జవాబులు: జావ. ఒక పూట. నేను.

మూడోది చదివి కంగారుపడకు. చేరేటప్పుడు ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. అందులో "నిన్ను పెంచినవారి వృత్తి" అన్నచోట "వంట, ముప్పై ఏళ్ళుగా, రోజుకు మూడు వందల మందికి" అని గర్వంగా రాశాను. మర్నాడు పొద్దున్నే నా చేతికి గరిటె ఇచ్చారు. నేను ధ్యానం కోసం వచ్చానండీ అని చెప్పుకుందామంటే ఇక్కడ మాట్లాడకూడదు.

ఇల్లు బాగుంది. పొడవాటి వరండా, దానికి రెండువైపులా చిన్న చిన్న గదులు. గదికొక మంచం, ఒక గిన్నె, బట్టలు తగిలించుకోవడానికి ఒక మేకు. మొత్తం ముప్పై ఎనిమిది మందిమి. పెద్దాయన మాట్లాడి పందొమ్మిదేళ్ళయిందట. మెడలో పలక వేలాడుతూ ఉంటుంది, ఏదైనా చెప్పాలంటే దాని మీద రాస్తారు. భోజనాల దగ్గర మాత్రం కళ్ళజోడు పెట్టుకునే ఒకాయన పవిత్రగ్రంథం పైకి చదువుతారు. రోజు మొత్తంలో మాకు వినిపించే మనిషి గొంతు అదొక్కటే. గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. అది ఇక్కడి నియమం.

నాకు తల గీయించారు. చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరు ఇన్నాళ్ళకు సార్థకమైంది.

మొదటిరోజు జావ అడుగంటింది. రెండోరోజు అడుగంటకుండా జాగ్రత్తపడితే ఉడకలేదు. మూడోరోజు ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ ఏమీ అనలేదు. నా చేతి వంట తిని ఏమీ అనకుండా ఉండడానికి ముప్పై ఏడు మంది దేవుడి సాయం తీసుకుంటున్నారు. పెద్దాయన మాత్రం గిన్నె ఖాళీ చేసి, చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

అత్తయ్యా, నీకు నా మీద కోపంగా ఉందని తెలుసు. అయినా అడుగుతున్నాను. ముప్పై ఎనిమిది మందికి ఉప్పు ఎంత?

గుండు


ఫిబ్రవరి 3

ఒరే గుండూ,

ఒక పూటా? మా ఫ్యాక్టరీలో మెషీన్లకు కూడా రోజుకు రెండుసార్లు నూనె పోస్తారు.

నేనేదో నిన్ను క్షమించి రాస్తున్నానని అనుకోకు. ఆ ముప్పై ఏడు మంది ముఖం చూసి రాస్తున్నాను. వాళ్ళేం పాపం చేశారు? చేసి ఉంటే ఈపాటికి తీరిపోయింది.

ముందు జావ ఆపు. జావ జ్వరం వచ్చినవాళ్ళకి. చిక్కుడు గింజలు ముందురోజే నానబెట్టు. పొద్దున్నే ఉల్లిపాయలు తరుగు, పాతిక తక్కువ కాకుండా. ఏడుపొస్తే ఏడువు, అక్కడ భక్తి అనుకుంటారు. పెద్ద గిన్నెలో నూనె కాగాక ఉల్లిపాయలు వేసి, సన్నని మంట మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించు. బంగారు రంగు అంటే బంగారు రంగే, బూట్ల పాలిష్ రంగు కాదు. మధ్యలో పొయ్యి వదిలి ధ్యానానికి పోకు. ఉల్లిపాయ దగ్గర నిలబడి చూడ్డమే ధ్యానం. తర్వాత గింజలు, నీళ్ళు, మూత.

ఇక ఉప్పు. ఉప్పును చెంచాతో కొలిచేవాడు ఎప్పటికీ వంటవాడు కాడు. సగం వెయ్యి, ఉడికాక నాలుక మీద వేసుకుని చూడు, అప్పుడు మిగతాది. వండేటప్పుడు రుచి చూడ్డం పాపమని ఎవరైనా అంటే నాకు రాయి, నేనొచ్చి మాట్లాడతాను. ముఖ్యంగా ఆ పలకాయనతో. పందొమ్మిదేళ్ళు నోరు మూసుకున్న మనిషికి ఎదుటివాడి కడుపు ఎందుకు వినబడలేదో నాకు అర్థం కావడం లేదు. చూస్తుంటే ఆయన మౌనం దేవుడి కోసం కాదు, వంట బాగాలేదని చెప్పాల్సి వస్తుందని.

ఇక్కడ విశేషాలేమీ లేవు. నీ మంచం మీద ఉతికిన బట్టలు ఆరబెడుతున్నాను.

నీ అత్తయ్య


ఫిబ్రవరి 19

అత్తయ్యా,

చిక్కుడు గింజలు కుదిరాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే భోజనశాలలో ముప్పై ఎనిమిది గిన్నెలూ ఒక్కసారి ఆగాయి. తర్వాత చెంచాల చప్పుడు మొదలైంది, వాన పడ్డట్టు.

పెద్దాయన లేచి నా దగ్గరికి వచ్చి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, వేలు పైకి చూపించారు. వండింది కడుపుకు కాదు, పైవాడికి అని మందలించారనుకున్నాను. సిగ్గుపడి మర్నాటి నుంచి మళ్ళీ చప్పటి జావ మొదలుపెట్టాను. మూడు రోజులకు ఇల్లంతా ముఖాలు వేలాడేసుకుంది. నాలుగోరోజు ఆయన పలక మీద పెద్ద అక్షరాలతో రాశారు: "ఆ రోజు వాము పైఅరలో ఉందా అని అడిగాను. అలవాటు లేక ఎక్కువ తిన్నాను. గింజలు ఏమయ్యాయి?" వాము అక్కడే ఉంది.

నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చాలా ఉపయోగపడింది. అనుకోకుండా అలా జరిగింది, ఎలాగో తర్వాత రాస్తాను. పెద్దాయనైతే, మీ అత్తయ్య దగ్గర్నుంచి మళ్ళీ ఉత్తరం ఎప్పుడొస్తుందని రెండుసార్లు రాసి చూపించారు.

ఒకటి అడగనా? నేను ఇక్కడికి వచ్చేముందు ఎదురుగా చెప్పలేకపోవడానికి కారణం నీ కోపం కాదు. మన ఇంట్లో దేవుడి మాట ఎప్పుడూ ఎత్తకూడదు. ఎందుకో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

గుండు


మార్చి 4

నాయనా,

మీ పెద్దాయన నా ఉత్తరం కోసం ఎదురుచూడ్డం నాకేమీ నచ్చలేదు. నా ఆత్మ మీద కన్నేసినట్టున్నాడు. అది బేరానికి లేదని చెప్పు. కావాలంటే గుమ్మడికాయ కూర ఎలా చెయ్యాలో చెబుతాను. తొక్క తియ్యకుండా పెద్ద ముక్కలు కొయ్యి, నీళ్ళు పొయ్యకు, దాని నీళ్ళలోనే మగ్గనివ్వు. మిరియాలు చివర్లో.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి.

అప్పుడు నీకు ఆరేళ్ళు. మీ అమ్మ పోయి రెండేళ్ళయింది. మా అన్నయ్య, అదే మీ నాన్న, జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. డాక్టరు చేతులెత్తేశాడు. నేను దేవుడితో ఒక మాట అనుకున్నాను. అన్నయ్య లేచి కూర్చునేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని. పదకొండు రోజులు ఉన్నాను. పగలు క్యాంటీన్లో మూడు వందల మందికి వండుతూ ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేదు. ఉప్పు కూడా రుచి చూడకుండా వేశాను. ఆ పదకొండు రోజులూ ఫ్యాక్టరీ మొత్తం నా మొక్కుకు శిక్ష అనుభవించింది.

పన్నెండో రోజు పొద్దున అన్నయ్య పోయాడు. అంతా అయ్యాక ఇంటికొస్తే నువ్వు గడప మీద కూర్చుని ఉన్నావు. "అత్తయ్యా, ఆకలేస్తోంది" అన్నావు. నిన్ను పక్కింట్లో వదిలిపెట్టి తిరిగాను. వాళ్ళు నీకేం పెట్టారో, అసలు పెట్టారో లేదో పదకొండు రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. దేవుడికి ఉపవాసం చేస్తూ ఇంట్లో పిల్లవాణ్ణి మర్చిపోయాను.

అన్నం వండాను, గుడ్డు వేయించాను. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. ఆ పూట నుంచి ఆయనకూ నాకూ మాటల్లేవు. కోపం కాదు. ఆయనతో మాట్లాడుతూ కూర్చుంటే పొయ్యి మీద ఏది మాడిపోతుందో అన్న భయం.

ఇంతే. గుమ్మడికాయ ముదురుది చూసి తీసుకో.

నీ అత్తయ్య


మార్చి 20

అత్తయ్యా,

ఇది చదివాక నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

నీ చిక్కుడు గింజల ఉత్తరాన్ని ఆ రోజు గ్రంథంలో గుర్తుగా పెట్టి మర్చిపోయాను. భోజనాల వేళ కళ్ళజోడాయన గ్రంథం తెరిచారు. అందులో ఉన్నది ఉన్నట్టు చదవాలన్నది నియమం. "ఒక పూటా?" దగ్గర్నుంచి మొదలుపెట్టి "నీ మంచం మీద ఉతికిన బట్టలు ఆరబెడుతున్నాను" దాకా చదివేశారు. పలకాయన గురించి నువ్వు రాసింది కూడా. నేను గరిటె పట్టుకుని స్తంభం వెనక నిలబడ్డాను. పెద్దాయన పలక మీద ఒకటే రాశారు: "మిగతాది ఎప్పుడు?"

అప్పటినుంచి నీ ఉత్తరం ఏదొచ్చినా పైకి చదవాలని అందరూ అనుకున్నారు. మార్చి నాలుగోదాన్ని నేనే చదువుతానని, సగం దాకా చదివి ఆపుదామని అనుకున్నాను. కానీ ఆ రోజు గంజి పడి నా చెయ్యి కాలింది. నేను కట్టు కట్టించుకుంటుండగా కళ్ళజోడాయన చదివేశారు. "ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి" అన్న వాక్యం కూడా వదల్లేదు.

చదవడం, తినడం అయ్యాయి. పెద్దాయన లేచి, ముప్పై ఎనిమిది మంది గిన్నెలూ తీసుకెళ్ళి ఒక్కరే కడిగారు. డెబ్బై ఏడేళ్ళ మనిషి. సాయం వెళ్తే నన్ను వెనక్కి పంపేశారు. తర్వాత పలక చూపించారు: "దేవుడితో మాటల్లేవని రాసింది. నా అంతటివాడు పందొమ్మిదేళ్ళుగా ఆయనతో ఇంత సూటిగా మాట్లాడలేదు."

తప్పు నాది అత్తయ్యా.

గుండు


మార్చి 29

ఉత్తరం అందింది. కాలిన చేతికి వెన్న రాయకు, చన్నీళ్ళలో పెట్టు. ఇక మీదట నా నుంచి ఉత్తరాలు రావు.


ఏప్రిల్ 12

అత్తయ్యా,

నువ్వు జవాబు రాయకపోయినా ఇది చదువు. ఇక్కడినుంచి పోయే ఉత్తరాలన్నీ పెద్దాయన చూస్తారు, ఇది ఆయనకు చూపించలేదు. నియమం తప్పి, కూరగాయల బండాయన చేతికిచ్చి పంపుతున్నాను.

నాకు ఆ కంచం గుర్తుంది. అంచు దగ్గర చిన్న సొట్ట ఉండేది. నువ్వు గుడ్డును రెండు చేసి పెద్ద సగం నా వైపు జరిపావు. నేను అది తిన్నాక నీ సగం కూడా జరిపావు. నాన్న లేడని నాకప్పటికే తెలుసు, పక్కింటివాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఇక నాకెవరూ లేరు అనుకుంటూ గడప మీద కూర్చున్నాను. ఆ ముద్ద నోట్లో పడ్డాక, ఉన్నారు అనిపించింది.

ఇక్కడ అందరూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి వెతుక్కుంటారు. నేను కళ్ళు మూసుకుంటే కనబడేది ఆ కంచమే. నువ్వు ఆయనతో మాట మానేసిన పూటే నాకు ఆయన మొదటిసారి కనిపించాడు. ఇది నీకు ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

పక్కింటివాళ్ళు నాకు పెట్టారు. పదకొండు రోజులూ, రెండు పూటలా పెట్టారు. ఆ రోజు ఆకలేస్తోందన్నది నువ్వు లోపలికి వస్తావని.

గుండు


మే 2

ఒరే గుండూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు క్యాంటీన్లో పప్పు మాడింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. మూడు వందల మందీ నాకు ఒంట్లో బాగాలేదనుకుని వచ్చి పలకరించారు.

మళ్ళీ రాస్తున్నాను. పైకి చదువుకుంటే చదువుకోండి, ఇక దాచడానికి ఏముంది. కళ్ళజోడాయనకు ఒక మాట: నా ఉత్తరంలో చుక్క ఉన్నచోట ఆగి చదవమను. ఆయన ఆగకపోతే నా తిట్లకు పదును పోతుంది.

జూన్ పదిహేనుకు నేను ఉద్యోగం నుంచి దిగిపోతున్నాను. మేనేజరు నా బదులు మనిషిని వెతుకుతున్నాడు. వచ్చినవాళ్ళందరికీ ఒక కూర వండి పెట్టమంటున్నాడు, నన్ను రుచి చూడమంటున్నాడు. ఇప్పటికి ఏడుగురు వచ్చారు. ఒకడు ఉప్పును చెంచాతో కొలిచాడు. మిగతాది అడక్కు.

ఇంకొకటి. మన వీధి చివరి ప్రార్థన మందిరానికి ఈ మధ్య రెండు ఆదివారాలు వెళ్ళాను. వెనక నిలబడి వచ్చేశాను. ఎందుకు వెళ్ళావని అడగొద్దు.

నీ అత్తయ్య


మే 20

అత్తయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నా మనసు ఎక్కడుందో నాకిప్పుడు తెలిసింది. పొద్దున పొయ్యి వెలిగించి, మొదటి ఆవిరి ముఖానికి తగిలినప్పుడు ఉన్నంత ప్రశాంతంగా నేను ఇంకెక్కడా లేను. దీక్ష రోజు దగ్గరపడింది, నేనూ ఒక నిర్ణయానికి వచ్చాను. నువ్వు కాదనవనే అనుకుంటున్నాను. జూన్ ఇరవై ఎనిమిదికి నువ్వు వస్తే ఎదురుగా చెబుతాను.

నువ్వు ప్రార్థనకు వెళ్తున్నావన్న ముక్క మూడుసార్లు చదివాను.

గుండు


జూన్ 3

నాయనా,

కాదనడానికి నేనెవర్ని? నీ నిర్ణయం అర్థమైంది. మొదట్లో కడుపు మండింది గానీ, ఇప్పుడు గర్వంగానే ఉంది. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పేశాను, మావాడు దీక్ష తీసుకుంటున్నాడని. తోలు విభాగం వాళ్ళు నీ కోసం చెప్పులు కుడుతున్నారు, రెండు కాళ్ళకీ వేరువేరుగా. గిన్నెలు కడిగే ఆవిడ నీ ఫోటో అడిగి తీసుకుంది. తన మనవడికి పరీక్ష ఉందట, దాని ముందు నిలబడి ఏదో మొక్కుకుంది. వాడు పాసయ్యాడు. ఇక ఆవిడ చేతిలోంచి ఆ ఫోటో రాదు.

నీ దీక్ష బట్టలు నేనే కుడతాను. నడుము కొలత పంపు. ఒక పూట తింటున్నావు కాబట్టి పాత కొలతే రెండంగుళాలు తగ్గించి మొదలుపెట్టాను.

ఇరవై ఐదుకల్లా వస్తాను.

నీ అత్తయ్య


జూన్ 26, మధ్యాహ్నం

అత్తయ్యా,

నువ్వు వరండా అవతలి గదిలో ఉన్నావు. పిలిస్తే వినబడేంత దూరం. కానీ దీక్షకు ముందు మూడు రోజులు ఇంటినుంచి వచ్చినవాళ్ళతో కూడా మాట్లాడకూడదు, అందుకని ఇది తలుపు కిందనుంచి పంపుతున్నాను.

నువ్వు కుట్టిన బట్టలు బిగుతుగా ఉన్నాయి. అది చెప్పడానికి కాదు. నేను దీక్ష తీసుకోవాలనుకోవడం లేదు.

మే నెల ఉత్తరంలో రాసింది అదే. నువ్వు తిప్పి చదివావు. ఆ తర్వాత నీ సంబరం చూసి, కాదని రాయడం వాయిదా వేశాను. నువ్వు ఇరవై రెండేళ్ళకు మళ్ళీ దేవుడి వైపు చూశావు, అదీ నా మూలంగా. ఇప్పుడు నేను వెనక్కి తిరిగితే నువ్వు మళ్ళీ మాట మానేస్తావేమోనని భయపడ్డాను.

నాకు ఈ ఇల్లంటే ఇష్టమే. కానీ నేను వడ్డించాక ఎవరైనా "ఇంకొంచెం వెయ్యి" అంటే వినాలని ఉంది. "ఉప్పెక్కువైంది" అని తిట్టినా సరే. ఇక్కడ అది జరగదు.

ఏం చెయ్యమంటావు?

గుండు


అదే కాగితం వెనకవైపు

ఒరే పిచ్చివాడా,

నిన్న నీ కూర తినగానే తెలిసింది. అది సన్యాసం పుచ్చుకోబోయేవాడు చేసిన కూర కాదు. ఇంకోసారి అడిగి వేయించుకోవాలనిపించేలా చేసిన కూర.

నేను భక్తురాలినైపోయానని ఎవరు చెప్పారు? ఆ ప్రార్థన మందిరంలో ఆదివారం రెండు వందల మందికి భోజనం పెడతారు. వాళ్ళ పొయ్యి ఎలా కట్టారో చూద్దామని వెళ్ళాను. చూసి వచ్చేస్తుంటే పాట మొదలైంది, మధ్యలో నడిచి వస్తే బాగుండదని నిలబడ్డాను. రెండో ఆదివారం మాత్రం పాట కోసమే వెళ్ళాను. అంతవరకే.

ఈ పొద్దున నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "మావాడు మీకు పనికిరాడండీ. వాడికి మాటలు కావాలి" అన్నాను. ఆయన పలక తీసి, "తెలుసు. కూరలో తెలిసింది. కానీ వంట ఎవరు చేస్తారు?" అని రాశాడు. మనిషి దొరికేదాకా ఒక నెల నేనుంటానని చెప్పాను. చెప్పాక గాని గుర్తురాలేదు, ఇక్కడ మాట్లాడకూడదని. అది కూడా అడిగాను. పలక తుడిచి రాశాడు: "వంటింట్లో మౌనం లేదు." ఈ నియమం ఈ పొద్దుటి నుంచే.

నువ్వు పోయి మేనేజరుకు ఒక కూర వండి పెట్టు. రుచి చూడ్డానికి నేను అక్కడ లేనుగా, నీకు ఇబ్బందేమీ ఉండదు.

బట్టల కుట్లు విప్పుతాను, ఇటు పంపు.


జూలై 20

అత్తయ్యా,

ఉద్యోగం ఇచ్చారు. గిన్నెలు కడిగే ఆవిడ మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు. మనవడిని పాస్ చేయించిన మహాత్ముడు ఉల్లిపాయలు తరగడమేమిటని ఆవిడ బాధ.

మొదటి వారం అందరూ నిన్నే తలుచుకున్నారు, అదీ గట్టిగా. "మీ అత్త చేతి పప్పు ఇలా ఉండేది కాదు" అని ఒకాయన రోజూ చెప్పి, రోజూ మొత్తం తిని వెళ్ళాడు. నిన్న అతనే కంచం పట్టుకుని రెండోసారి వరసలో నిలబడ్డాడు. నేను గరిటె ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

క్యాంటీన్లో వడ్డించే కిటికీ తలుపు తెరిచేముందు పది నిమిషాలు స్టూలు మీద ఊరికే కూర్చుంటాను, అక్కడ కూర్చున్నట్టు. నేను అలిగానని పుకారు లేచింది. కూర బాగుందని ముందుగానే చెప్పడానికి ఇద్దరు వచ్చారు, ఇంకా వండకముందే.

నెల కావస్తోంది. అక్కడ మనిషి దొరికారా? ఎప్పుడొస్తావు? నీ మంచం మీద నేను బట్టలు ఆరెయ్యడం లేదు.

గుండు


ఆగస్టు 11

ఒరే గుండూ,

మనిషి దొరకలేదు. నిజానికి ఒకడు వచ్చాడు, నేనే పంపేశాను. ఉప్పు డబ్బాలో చెంచా వేసి ఉంచాడు. ఇంకో నెల చూస్తాను.

వంటింట్లో మౌనం లేదన్న మాట ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఉల్లిపాయలు తరగడానికి రోజూ ఎనిమిది మంది వస్తున్నారు. కళ్ళజోడాయనైతే ఒక్క ఉల్లిపాయను ముప్పావుగంట తరుగుతాడు. తన చిన్నప్పటి సంగతులు, వాళ్ళమ్మ చేసే రొట్టె, తన మోకాలి నొప్పి అన్నీ చెబుతాడు. అయిపోయాక చేతులు కడుక్కుని, నోరు మూసుకుని ధ్యానానికి వెళ్తాడు. ఇప్పుడు ధ్యానం బాగా కుదురుతోందట. పూటలు రెండు చేయించాను. సాయంత్రం పూటకు "మందు" అని పేరు పెట్టుకున్నారు, నియమానికి ఇబ్బంది లేకుండా.

మొన్న ఒక సంగతి జరిగింది. సాయంత్రం అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది నాకు తీసుకుని కూర్చోబోతుంటే ఎవరో ముసలాయన తలుపు కొట్టాడు. దారి తప్పాడట, పొద్దుటినుంచి ఏమీ తినలేదట. గిన్నె చూస్తే ఖాళీ, ఒక్క రొట్టె కూడా మిగల్లేదు. నా కంచం ఆయన ముందు పెట్టి, నేను తినేశానని చెప్పాను. ఆయన తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నాను. ఇంకొంచెం ఉందా అని అడిగాడు. లేదని చెప్పాల్సి వచ్చింది. వంట చేసేదానికి అంతకన్నా చేదు మాట ఉండదు.

ఆయన వెళ్ళాక నాకు చేసేందుకు ఏమీ లేదు. మామూలుగా అందరూ ప్రార్థనకు కూర్చునే వేళకు నేను వంటింట్లో కాళ్ళు చాపుకుని తింటుంటాను. ఆ రోజు తినడానికి ఏమీ లేక, వెళ్ళి హాల్లో చివరి వరసలో కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. అడగాల్సింది ఏమైనా ఉందా అని చూసుకున్నాను. ఏమీ లేదు. అలాగే కూర్చున్నాను, బాగానే ఉంది.

అప్పుడు నా కడుపు అరిచింది. ఊరికే కాదురా, పాత తలుపు తెరిచినట్టు, పొడుగ్గా. అంత నిశ్శబ్దంలో దాన్ని దాచే దారే లేదు. ఒకాయన పిల్లి అనుకుని బల్ల కిందకు చూశాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రెండోసారి ఇంకా గట్టిగా అరిచింది. ముందున్న వీపులన్నీ కదలడం మొదలుపెట్టాయి. కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కరూ చప్పుడు చెయ్యలేదు, ఒక్కరూ నవ్వు ఆపుకోలేదు.

పెద్దాయన వెనక్కి తిరగలేదు. పలక తీసి ఏదో రాసి పక్కాయనకు ఇచ్చాడు. ఆయన వెనక వరసకు ఇచ్చాడు. అలా ముప్పై మంది చేతులు మారి, చదవకుండా తలలు తిప్పుకుంటూ, పలక చివరి వరసలో నా ఒళ్ళోకి వచ్చింది. దాని మీద ఇలా ఉంది:

"నా గదిలో, దిండు కింద, రొట్టె ఉంది."

ప్రార్థన అయ్యేదాకా ఆగి వెళ్ళాను. ఒకటి కాదు, నాలుగున్నాయి, శుభ్రంగా గుడ్డలో చుట్టి. రెండు తిన్నాను. కాస్త ఎండిపోయాయి గానీ బాగున్నాయి.

నీ అత్తయ్య